శోకాల సూరమ్మకు ఒకే ఒక్క అభిమాని

కాశీబుగ్గలో మైకు తారకేశ్వరరావు చెవికి నచ్చిన మనిషంటూ లేడు. డీజే పెట్టే కుర్రాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. యూట్యూబులో జీడితోటల మధ్య లంగాఓణీ వేసుకుని బావా బావా అని గెంతే జానపదాలంటే అంతకన్నా మంట. టీవీలో చిన్నపిల్లలు పాడితే జడ్జీలు కళ్ళు తుడుచుకుంటారే, ఆ జడ్జీల మొహాన ఇంత పేడ కొట్టాలంటాడు. ముప్ఫై ఏళ్ళు మైకుసెట్టు నడిపిన మనిషి. పెళ్ళికీ, అమ్మవారి సంబరానికీ, ఎలక్షనుకీ ఆయన బాకాలే మోగాలి. తర్వాత మనిషెత్తు డీజే డబ్బాలొచ్చాయి. ఈయన బాకాలు అటకెక్కాయి. ఇప్పుడు మార్కెట్టు వెనక చిన్న కొట్లో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తున్నాడు. మిక్సీ తెచ్చినవాళ్ళతో, "మీ డీజే కన్నా ఇదే నయమమ్మా, శ్రుతిలో అరుత్తాది" అని వెటకారం ఆడకుండా పంపడు.

ఇంత చెవి ఉన్న పెద్దమనిషి మెచ్చింది ఒక్కరినే. ఆవిడ పేరు సూరమ్మ. ఊరు సుమ్మాదేవి. పొద్దున్నే ఆటోలో కాశీబుగ్గ వచ్చి ఫ్యాక్టరీలో జీడిపప్పు మీద పొట్టు తీస్తుంది. ఆవిడ పాడేది శోకాలు. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని రాగం తీసి ఏడుస్తారు కదా, అవి. అందరూ ఏడ్చే నాలుగు ముక్కలు ఆవిడ ఏడవదు. చావింటికి వెళ్ళగానే ముందు ఆ ఇంటి ఆడవాళ్ళను వంటింట్లోకి తీసుకెళ్ళి మూడు సంగతులు అడుగుతుంది. పోయినాయనకు ఏ కూరంటే ఇష్టం, కోపమొస్తే ఏ మాటతో తిట్టేవాడు, చేస్తానని చెయ్యకుండా ఏ పని వదిలేసి వెళ్ళాడు. అంతే. వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని మొదలెడితే ఆ మనిషి లేచి వాకిట్లో నిలబడ్డట్టే ఉంటుంది. పోయినవాడితో ఇరవై ఏళ్ళు గట్టు తగాదా పడినవాడు కూడా తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడవాల్సిందే. ఒకరికి పాడింది ఇంకొకరికి పాడదు. పదోరోజున మళ్ళీ పాడమన్నా పాడదు.

తారకేశ్వరరావు ఆవిడను మొదటిసారి విన్నది పన్నెండేళ్ళ కిందట. సుమ్మాదేవిలో పెళ్ళికి మైకు కట్టాడు. ఎదురు వీధిలో ఎవరో ముసలాయన పోయాడు. పెద్దలొచ్చి పాటలు ఆపమంటే గొణుక్కుంటూ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో సూరమ్మ గొంతు వినిపించింది. మైకు లేదు, బాకా లేదు, నాలుగిళ్ళ అవతల గొంతు, ఒక్కొక్క మాటా చెవిలో పోసినట్టు. ముసలాయనకు పులుసులో బెల్లం పడాలట, పడకపోతే కంచం తోసేవాడట, ఆ కంచానికి పడ్డ సొట్ట మీద నాలుగు చరణాలు కట్టింది మహాతల్లి. తారకేశ్వరరావు వైర్లు చుట్టడం మానేసి అక్కడే చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా తాను ఊళ్ళో చెత్తంతా ఊరి చెవుల్లో పోశానని ఆ పూటే తెలిసిందంటాడు.

అప్పట్నుంచి ఉద్దానంలో ఎవరు పోయినా ఈయనకు కబురు కావాలి. కబురొస్తే మొదటి ప్రశ్న, పోయిందెవరని కాదు, సూరమ్మ వస్తోందా అని! వస్తోందంటే చాలు, బాగుచేస్తున్న ఫ్యాను రెక్కలు అలాగే వదిలేసి బండెక్కుతాడు. మందస, సోంపేట, సముద్రం ఒడ్డు ఊళ్ళు, అన్నీ తిరిగాడు. పోయినవాడు చుట్టం కాదు, ఎరుక కూడా కాదు. వెళ్ళి ఒక మూల కొబ్బరిచెట్టుకి ఆనుకుని కళ్ళు మూసుకుని తల ఊపుతూ కూర్చుంటాడు. ఆ తల ఊపుడు చూసి ఆ ఇంటివాళ్ళు, పాపం పోయినాయనకు ఎంత కావలసినవాడో అనుకుని మంచినీళ్ళిచ్చేవారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఈయనకు పొరుగింటి ఏడుపు రుచి.

సోంపేట దగ్గర ఒక కొబ్బరితోట ఆసామి పోయినప్పుడు జరిగిందైతే చెప్పుకోవడానికే సిగ్గు. సూరమ్మ పాడుతోంది, ఇల్లంతా గొల్లుమంటోంది. చరణం ముగిసేసరికి ఈయన ఒళ్ళు మరిచి, "ఆహా! అమ్మా, ఆ ముక్క ఇంకొక్కపాలి!" అని చప్పట్లు కొట్టాడు. శవం పక్కన! పోయినాయన బావమరిది వచ్చి కాలరు పట్టుకుని వీధి చివర దాకా ఈడ్చుకొచ్చాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. దానికి ఈయనేమైనా సిగ్గుపడ్డాడా? ఇంటికొచ్చి పెళ్ళాంతో, "గాడిదలకేటి తెలుసే గంధం వాసన" అన్నాడు.

ఇంకోసారి ఫోను జేబులో పెట్టుకుని దొంగచాటుగా రికార్డు చేశాడు. సూరమ్మ కనిపెట్టేసింది. దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

"ఒకలింటి ఏడుపు నీ జేబీలో ఏటికి బావూ? సెరిపీ."

చెరిపేశాడు. ఆవిడ మాట మాత్రమే వింటాడు మరి.

ఈ పిచ్చికి అడుగున ఒక కోరిక ఉంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పడు. ఈయనకు చచ్చినవాళ్ళంటే అసూయ. ఎందుకూ పనికిరాని వెధవలకు కూడా సూరమ్మ అన్నేసి చరణాలు కడుతోంటే, వాడు వినకుండా పడుకుని ఉన్నాడే అని కుళ్ళుకునేవాడు. రేపు తాను పోతే సూరమ్మ తన మీద ఏం కడుతుందో! ఎంత గొప్పగా కడుతుందో! ఇంత కాలం వెంట తిరిగిన ఏకైక అభిమాని కదా. కాని ఆ పాట తాను వినలేడు. లోకంలో ఇంతకన్నా అన్యాయం ఏముందని కళ్ళు చెమర్చేవాడు. తన చావుకు కాదు, వినలేకపోతున్నందుకు!

ఇంట్లో గౌరీశ్వరి ఉంది. భార్య. రెండేళ్ళుగా ఆవిడ కిడ్నీలు పనిచేయడం లేదు. వీధికి నలుగురి కిడ్నీలు పోయిన ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు, డయాలసిస్ ఏ రోజు షిఫ్టు అని అడుగుతారు. ఆవిడది బుధవారం, శనివారం, పొద్దుటి షిఫ్టు. ఇంటినుంచి పలాస ఆస్పత్రికి ఆటోలో పది నిమిషాలు. సంచిలో దుప్పటీ, రెండిడ్లీలూ పెట్టుకుని ఒక్కతే వెళ్తుంది, నాలుగు గంటలు మిషను మీద పడుకుంటుంది, ఒక్కతే వస్తుంది. తారకేశ్వరరావు మొదట్లో రెండుసార్లు వెళ్ళాడు. ఆ మిషన్ల చప్పుడు తన చెవులకు పడదని మానేశాడు. ముక్కూ మొహం తెలియనివాడి చావుకు నలభై కిలోమీటర్లు పోయే మనిషికి, పది నిమిషాల ఆటో దూరమైంది. చెవి సుకుమారమట!

ఈమధ్య ఆయనకో పట్టుదల పుట్టింది. సూరమ్మను ఒక్కసారైనా స్టేజీ ఎక్కించాలి, రాసిందీ పాడిందీ సూరమ్మ అని మైకులో చెప్పించాలి. ఆవిడకూ అరవై దాటాయి. ఒక్కసారైనా నలుగురూ వినకపోతే ఆ గొంతు జీడిపొట్టుతో పాటు ఊడ్చేసుకుపోతుందని ఆయన భయం. ఆ భయం మాత్రం నిజమైనదే, కాదనను. టెక్కలిలో ఒక కళాసమితి ఉంది. ఏటా కల్యాణమండపంలో జానపద ఉత్సవం అని చేస్తుంది. దాని అధ్యక్షుడు ధర్మారావు. తోటలూ ధాన్యం వ్యాపారమూ ఉన్నాయి, ఏ సభలోనైనా తన మీద పొగడ్త పాట ఒకటి లేకపోతే భోజనం సయించదు. తారకేశ్వరరావు నాలుగు నెలలు ఆయన గుమ్మం పట్టుకుని వేలాడాడు. ఆ పోరు పడలేక ధర్మారావు, "సరేనయ్యా, మూడు నిమిషాలు. హుషారుగా ఉండాల" అన్నాడు. ఎలాంటి పాటని ఆయన అడగలేదు. ఈయన చెప్పలేదు.

సూరమ్మ మాత్రం అడిగింది. "అక్కడ సావు నేదు కదా బావూ, నాను ఏటి పాడాల?"

"నువ్వు రా అమ్మా, మిగతాది నాను సూసుకుంతాను."

ఆవిడ ఫ్యాక్టరీ మెట్ల మీద కూర్చుని చేతులకంటిన పొట్టు దులుపుకుంటూ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. చివరికి, సరే వస్తానంది.

ఉత్సవం శనివారం పడింది. పొద్దున్న తారకేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని సెంటు కొట్టుకుంటున్నాడు. గౌరీశ్వరి సంచి సర్దుకుంటోంది. బుధవారం మిషను మీద ఉండగానే ఆవిడకు బీపీ పడిపోయి కళ్ళు తేలేసింది. ఈసారి మనిషిని తోడు తెచ్చుకోమని నర్సు గట్టిగా చెప్పింది.

"ఈ ఒక్కపాలికీ రాకూడదేటి?" అంది.

"ఇయ్యాళేనా? సూరమ్మ స్టేజీ ఎక్కుతాదే! పన్నెండేళ్ళబట్టీ ఎదురుసూత్తన్నాను. బుధవారం వత్తాను, ఒట్టు."

గౌరీశ్వరి సంచి భుజాన వేసుకుంది. ఆటోవాడు హారను కొడితే వెళ్ళిపోయింది. ఈయన అద్దంలో మీసం దువ్వుకున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

కల్యాణమండపం కిటకిటలాడుతోంది. తప్పెటగుళ్ళవాళ్ళకు నాలుగు నిమిషాలిచ్చి దింపేశారు. కోలాటం పిల్లలకు డీజే పెట్టారు. తారకేశ్వరరావు మొదటి వరసలో కూర్చుని ప్రతి పాటకూ మూతి విరుస్తున్నాడు. తర్వాత యాంకరమ్మాయి వచ్చి, "ఇప్పుడు సూరమ్మగారు మనకోసం ఒక మాంచి హుషారైన జానపదం!" అంది. రాసిందీ పాడిందీ అనలేదు. ఈయన పళ్ళు నూరాడు.

సూరమ్మ నీరుకావి చీరతో వచ్చి స్టేజీ మీద కింద కూర్చుంది. మైకు కిందికి వంచారు. జనాన్ని ఆ చివరినుంచి ఈ చివరికి చూసి అడిగింది.

"ఇక్కడ పోయినోలు ఎవులు?"

జనం కిసుక్కుమన్నారు. ఆవిడ ఊరికే అడగలేదు, పేరు లేకుండా ఆవిడకు పాట రాదు. ధర్మారావు పెద్ద కుర్చీలోంచి నవ్వుతూ చెయ్యెత్తాడు. తన మీద పాట కట్టడానికి అడుగుతోందనే అనుకున్నాడు మహానుభావుడు.

"నా మీద పాడమ్మా!"

"నీకేటి కూర ఇష్టం బావూ?"

"రొయ్యలూ మునక్కాడా!" జనం చప్పట్లు.

"కోపమొత్తే ఏటని తిడతావు?"

"నాకు కోపమే రాదమ్మా!" ఈలలు.

సూరమ్మ ఆయన కాళ్ళకేసి జరిగి, కొంగు తల మీదికి లాక్కుని, "ఓలమ్మో, ఎల్లిపోనావా ధర్మారావో..." అని ఎత్తుకుంది. వెనకనుంచి ఎవరో ముసలామె, "ఓర్నాయనో, అది సావు శోకం!" అని కేకేసింది. ధర్మారావు కాళ్ళు రెండూ పైకి లాక్కుని కుర్చీలో ముడుచుకుపోయాడు. "ఆపండి! దింపండి దాన్ని! శుభమా అని సభ పెడితే నాకు శోకం తీత్తాదా!" అని అరిచాడు. కోపం రాని మనిషి కదా. ఇద్దరు కుర్రాళ్ళు సూరమ్మను లేపడానికి వచ్చారు.

పన్నెండేళ్ళ ఆశ కళ్ళముందే మట్టికొట్టుకుపోతోంది. తారకేశ్వరరావు ఒక్క గెంతులో స్టేజీ ఎక్కాడు. కుర్రాళ్ళను తోసేసి సూరమ్మ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నా మీద పాడమ్మా. నాను సచ్చిపోనాననుకో."

హాలంతా సద్దుమణిగింది. బతికున్నవాడు తన శోకం తానే అడగడం ఆ జనం ఎన్నడూ చూడలేదు. తారకేశ్వరరావు మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. ఏ చచ్చినవాడికీ పట్టని అదృష్టం తనకు పట్టబోతోంది, చెవులారా వినబోతున్నాడు!

"నీ మూడూ నాకు తెలుసు బావూ. అడగక్కర్నేదు" అంది సూరమ్మ. కొంగు సర్దుకుని మొదలెట్టింది.

"మైకుల తారకయ్యో, మాయింటి తారకయ్యో,
ఊరూరి సావులకీ ఉరికొచ్చిన తారకయ్యో,
శవం కాడ సప్పట్లు కొట్టినావు తారకయ్యో,
సెప్పులొగ్గేసి పరుగెట్టినావు తారకయ్యో..."

జనం పడీపడీ నవ్వారు. ఈయనా నవ్వాడు. తల ఊపాడు. ఎత్తుగడ అదిరింది అనుకున్నాడు. ఇక తన చెవి గొప్పదనం వస్తుంది, తన రసికత వస్తుంది.

"ఎవులింటి ఏడుపైనా ఎంత తీపి నీకయ్యో,
నీ ఇంటి మూలుగొకటి నీకినపడలేదయ్యో.
బుధవారం శనివారం ఆటో ఎక్కె గౌరమ్మ,
సంచొకటి తోడుండె, సెయ్యి ఎవులు పట్టిరమ్మ?
మా తమ్ముడి మంచం కాడ మూల నాను కూకుంటే,
పక్క మంచం మీన గౌరి పైకి సూసి పడుకునె.
గొట్టంలో నెత్తురు గిరగిరా తిరుగుతుంటే,
కుర్సీ ఏసే ఉందయ్యో, కూకునీ మడిసి లేడు.
నీ మొగుడేడే గౌరీ అని నానడిగితే,
పాట ఇంటన్నాడక్కా అని నవ్వినాదయ్యో.
పదినిమిషాల దారి నువ్వు పదిలంగా దాసినావు,
వత్తాను వత్తానని వాయిదాలేసినావు,
రాకుండా పోనావు, రాకుండా పోనావు..."

నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలియదు. ముందు వరసల్లో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. తారకేశ్వరరావు తల ఊపడం ఆపేశాడు. పన్నెండేళ్ళ నుంచి సూరమ్మ గురించి తనకు తెలియంది లేదని ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. ఆవిడకు తమ్ముడున్నాడనీ, వాడూ మిషను మీద ఉన్నాడనీ, ప్రతి బుధవారం శనివారం ఫ్యాక్టరీ పని మానుకుని ఆవిడ తన భార్యకు ఆరడుగుల దూరంలో కూర్చుంటోందనీ తెలియదు. ఆ ఆస్పత్రి గుమ్మం తొక్కి ఉంటే కదా తెలియడానికి! మనిషి గొంతు విన్నాడు తప్ప మనిషి మంచీచెడూ ఏనాడూ అడగలేదు. సిగ్గేసింది ఆయనకు. యాభై నాలుగేళ్ళకు మొదటిసారి, ఒళ్ళంతా దహించుకుపోయేంత సిగ్గు.

పాట అయిపోగానే కల్యాణమండపం దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. ధర్మారావు కూడా కాళ్ళు కిందికి దించి కొట్టాడు, తన మీద కాదు కదా. యాంకరమ్మాయి శాలువా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సూరమ్మను నలుగురికీ వినిపించాలన్న ఆయన కోరిక పూర్తిగా, కడుపు నిండా తీరింది. ఆ శాలువా కప్పడం చూడటానికి ఆయన అక్కడ లేడు.

టెక్కలి నుంచి బస్సులో నిలబడి వచ్చాడు. పలాసలో దిగి ఆస్పత్రిలోకి పోయి, ఏ వార్డని అడిగి, అటూ ఇటూ తిరిగి, తలుపు తోశాడు. వరసగా మంచాలు. ఆయన చెవికి పడని ఆ మిషన్లు మెల్లగా కూస్తున్నాయి. ఆ పూట షిఫ్టు ఆలస్యంగా మొదలైందట, గౌరీశ్వరి ఇంకా చేతికి గొట్టాలతో పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఈయన్ని చూసి కంగారు పడింది.

"ఏటలాగున్నావు? ఎవులు పోనారు?"

"నానే."

"ఆఁ?"

"సూరమ్మ నా మీద పాడీసింది. స్టేజీ మీద."

గౌరీశ్వరి పైకప్పుకేసి చూసింది. ఎంత కాదన్నా, ఇన్నేళ్ళూ ఆ పాటల గురించి భోజనాల దగ్గర వింటూ వచ్చిన మనిషి.

"జనం ఏడిసినారేటి?"

"ఏడిసినారు."

"నీ కోసమేనా?"

తారకేశ్వరరావు మంచం పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. "నేదు. నీ కోసం."

"నాకేటొచ్చింది? నాను బతికే ఉన్నాను కదా!" అంది గౌరీశ్వరి చిరాగ్గా. పక్క మంచం మీద సూరమ్మ తమ్ముడు తల తిప్పి చూశాడు. తారకేశ్వరరావు ఎవరో అతనికి తెలియదు.

ఏ పాటకైనా క్షణంలో తీర్పు చెప్పే మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు.

"నాను నిజంగా పోతే నువ్వేడుత్తావేటే?"

"ఏమో మరి" అంది గౌరీశ్వరి, కళ్ళు మూసుకుంటూ. "ఏడవడానికైనా ఓపికుండాల గదా."